బువాలై నిలబడిన చోటు

యంత్రం వచ్చిన రోజున చన్‌పెంగ్‌కి దాని మీద కోపం రాలేదు. అదేమిటో తెలిస్తే కదా కోపం రావడానికి. తెల్లగుడ్డ కప్పి, చక్రాల బల్ల మీద తోసుకొచ్చి, ఏసీ ఫ్యాక్టరీ లైనులో బువాలై నిలబడే చోట నేలకి బోల్టులు వేసి బిగించారు. గుడ్డ తీస్తే లోపల ఒక చెయ్యి. ఒక్కటే చెయ్యి, భుజం నుంచి మణికట్టు దాకా. తల లేదు, మొండెం లేదు. వేళ్ళు ఉండాల్సిన చోట స్క్రూలు బిగించే గన్ను ఉంది.

"దీన్ని మీ తమ్ముడనుకోండి," అంది ఇంజనీరు నిరమోన్, లైనులోని ఆడవాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి. "పాత రోబోల్లాగా దీనికి కంచె ఉండదు. మీ పక్కనే నిలబడి మీతో కలిసి పనిచేస్తుంది. పొరపాటున మీ చెయ్యి తగిలిందనుకోండి, తనే ఆగిపోతుంది. ఎవరికీ దెబ్బ తగలనివ్వదు."

నిరమోన్ చెడ్డపిల్ల కాదు. బ్యాంకాక్‌లో చదువుకుని వచ్చినా, పెద్దవాళ్ళు కనిపిస్తే ముందు తనే చేతులు జోడిస్తుంది. అలాంటి పిల్ల చేత ఇలాంటి మాటలు చెప్పించడం కంపెనీవాళ్ళకి బాగా తెలుసు. తమ్ముడట. ఏ తల్లి కన్న తమ్ముడో. అక్క ఉద్యోగం ఊడగొట్టి ఆ చోట నిలబడే తమ్ముడు ఏ ఇంట్లో ఉంటాడో చన్‌పెంగ్‌కి తెలియదు. ఆడవాళ్ళు దానికి అప్పటికప్పుడే పేరు పెట్టేశారు, ఒంటిచెయ్యి అని. ఆ తర్వాత కంపెనీ ఎన్ని ముద్దుపేర్లు పెట్టినా అదే స్థిరపడింది.

బువాలైని అంతకు ముందు వారమే పంపేశారు. పంపేసిన తీరు చెప్పుకోవాలి. పనివేళ అయ్యాక కాదు, పని మధ్యలో. ఏసీ పెట్టె వెనక రేకుకి నాలుగు స్క్రూలు కొట్టాలి, రెండు కొట్టింది, ఇంతలో సూపర్‌వైజరు వచ్చి ఆఫీసుకి రమ్మన్నాడు. ఇప్పుడే వస్తానన్నట్టు చన్‌పెంగ్ వైపు కనుబొమ్మ ఎగరేసి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. సాయంత్రం గేటు దగ్గరి కాపలావాడు వచ్చి ఆమె జిగురన్నం బుట్ట, చెప్పులు అడిగి పట్టుకుపోయాడు. ఇష్టపూర్వకంగా వెళ్ళిపోయిందని నోటీసుబోర్డులో రాశారు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇష్టపూర్వకంగా వెళ్ళిపోయే మనిషిని చన్‌పెంగ్ తన బతుకులో చూడలేదు.

వాళ్ళిద్దరూ కలిసి ఈశాన్యాన కలసిన్ జిల్లా నుంచి ఒకే బస్సులో ఫ్యాక్టరీలుండే ఈ చోన్‌బురి వైపుకి వచ్చినవాళ్ళు. అప్పటికి చన్‌పెంగ్‌కి పెళ్ళయి, మొగుడు ఇంకో దాని వెంట పోయి, చంకలో పిల్ల ఉంది. బువాలైకి ఏదీ లేదు, నోరు తప్ప. పద్దెనిమిదేళ్ళు లైనులో పక్కపక్కన నిలబడ్డారు. చన్‌పెంగ్ వైర్లు కలిపి, వెనక రేకు అమర్చి, పెట్టె మీద అరచేత్తో ఒకసారి తట్టి పక్కకి తోస్తుంది. ఆ చప్పుడు వినగానే బువాలై గన్ను దిగుతుంది. మొహాలు చూసుకోనక్కర్లేదు. మొగుళ్ళ గురించి, అద్దె గదుల గురించి, లాటరీ నంబర్ల గురించి వాళ్ళు మాట్లాడుకున్నదంతా ముందుకి చూస్తూ మాట్లాడుకున్నదే. చన్‌పెంగ్ కూతురికి జ్వరాలొచ్చిన కాలంలో, సూపర్‌వైజరు కళ్ళు కప్పి, బువాలై రెండు చోట్లా తనే పనిచేసి ఆమెని ఇంటికి తరిమేది. "పోవే, నీ మొహం చూస్తుంటే స్క్రూలు వంకరపోతున్నాయి," అనేది. తర్వాత ఆ సాయం మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు చన్‌పెంగ్ పెట్టె తట్టి తోస్తే ఒంటిచెయ్యి వంగుతుంది. నాలుగు స్క్రూలు దిగుతాయి. మాట లేదు. ఒక్కోసారి అలవాటు కొద్దీ ఏదో చెప్పబోయి నోరు మూసుకునేది. అప్పుడొచ్చింది కోపం. వచ్చాక ఇక పోలేదు.

వానాకాలం అయ్యేదాకా అది పరీక్ష మీద ఉంటుందని, సరిగ్గా పనిచేయకపోతే అమ్మిన కంపెనీకే తిప్పి పంపేస్తారని కబురు పాకింది. ఆ కబురు తెచ్చింది సాయ్‌రుంగ్. లైనులో అందరికన్నా చిన్నది, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. మధ్యాహ్నం సైకిళ్ళ షెడ్డు వెనక చాప మీద కూర్చుని జిగురన్నం ముద్ద నొక్కుతూ చెప్పింది.

"అది పోతే బువాలై అక్కని పిలవక ఏంచేస్తారు? మన పని దానికి రాదని తేలితే సరి. అది తాకితే ఆగుతుందన్నారుగా, తాకుదాం."

తాకారు. చేత్తో తాకితే కెమెరాలో పడుతుందని తుంటితో తాకారు. మంచినీళ్ళకి వెళ్తూ ఒకతి, రేకులు మోసుకొస్తూ ఒకతి, ఊరికే తిరుగుతూ సాయ్‌రుంగ్. తగలగానే ఒంటిచెయ్యి ఉన్నచోటే బిగుసుకుపోయి, భుజం దగ్గరి దీపం ఎర్రబడేది. ఎవరో వచ్చి మీట నొక్కాలి, అప్పుడు కదలాలి. "అయ్యో తమ్ముడూ, నొప్పెట్టిందా?" అని సాయ్‌రుంగ్ వగలుపోయేది. చన్‌పెంగ్ రోజంతా దాని పక్కనే ఉండే మనిషి కాబట్టి అందరికన్నా ఎక్కువ తగిలించింది ఆవిడే. మోచేత్తో, పెట్టె అంచుతో, ఒక రోజు మరీ మండిపోయి చీపురు కర్రతో. సాయంత్రం బువాలైకి ఫోను చేసి లెక్క చెప్పేది. "ఇవాళ బాగా సతాయించాం. నువ్వు ఇంకో ఉద్యోగానికి ఒప్పుకోకు," అనేది. బువాలై ఒప్పుకోలేదు. రొయ్యల గోదాములో పని ఉందని ఆమె మొగుడు సోంబట్ కబురు తెస్తే, నా చోటు నాకుందని కొట్టిపారేసింది.

ఈ లైనులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరిన పిల్లని మొదటి రోజే చాప మీద కూర్చోబెట్టి, చన్‌పెంగ్ ఆమె మణికట్టుకి తెల్లదారం కడుతుంది. మనిషి ఒంట్లో ఖ్వాన్ అని, ప్రాణంలాంటిది ఒకటి ఉంటుంది. కొత్త చోటికి వస్తే అది బెదురుతుంది, వెనక్కి ఊరికి పారిపోవాలని చూస్తుంది. దాన్ని పిలిచి ఒంట్లో నిలపాలి. ముందు దారంతో అరచేతి మీద బయటికి తుడిచి చెడు పొమ్మనాలి, తర్వాత లోపలికి తుడిచి మంచిని రమ్మనాలి, ఆపైన ముడి వేయాలి. తక్కినవాళ్ళు ఆ పిల్ల మోచేయి పట్టుకుని కూర్చుంటారు. దారం కట్టేదాకా ఆమె ఇంకా బయటిమనిషే. కట్టాక ఆమె బుట్టలో అందరి చేతులూ, అందరి బుట్టల్లో ఆమె చెయ్యీ. మాటలు మాత్రం కలసిన్ యాసలో, పాతకాలపు వరసలో ఉంటాయి. గేటు బయట బొప్పాయి కాయ దంచి అమ్మే ముసలి లంపై దగ్గర చన్‌పెంగ్ అవి నేర్చుకుంది.

ఈ సంగతి నిరమోన్ చెవిన పడింది.

"పిన్నిగారూ, తమ్ముడికి కూడా దారం కట్టండి," అంది ఒక రోజు లైను దగ్గరికి వచ్చి.

"అది మనుషులకమ్మా."

"మనతో పనిచేసేదేగా. మీరు కడితే అందరూ దగ్గరికి తీస్తారు. ఊరికే ఆగిపోతోందని పైవాళ్ళు గొడవపెడుతున్నారు." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "దాని చుట్టుపక్కల వాళ్ళని మార్చేద్దామంటున్నారు పిన్నీ. మార్చడమంటే మీకు తెలుసుగా. మిమ్మల్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు."

బెదిరింపులో ఇంత మర్యాద ఉంటుందని చన్‌పెంగ్‌కి అప్పుడే తెలిసింది. సరే కడతానంది. చాప దగ్గర ఆ మాట చెప్పగానే సాయ్‌రుంగ్ తన బుట్ట మూత పెట్టేసింది.

"కట్టుకో అక్కా. కట్టాక నీ చాప నువ్వు వేరే తెచ్చుకో."

"నోరు మూసుకుని రేపు ముందువరసలో నిలబడు," అంది చన్‌పెంగ్. "నా చెయ్యి ఎటు తిరుగుతుందో చూడు."

మర్నాడు లైను ఆపి అందరినీ నిలబెట్టారు. ఫ్యాక్టరీ పెద్దాయన మల్లెదండ తెచ్చి ఒంటిచెయ్యి భుజానికి తగిలించాడు. కంపెనీ ప్రచారం చూసుకునే కుర్రాడు ఫొటోలు తీశాడు. చన్‌పెంగ్ దారం తీసుకుని, గన్ను పైన మణికట్టులాంటి చోటు చూసుకుని, దారంతో బయటికి తుడిచింది. మళ్ళీ బయటికే తుడిచింది. మళ్ళీ బయటికే. లోపలికి ఒక్కసారి కూడా చెయ్యి తిప్పలేదు. పిలుపుమాటల వరసలోనే, అంతే భక్తిగా, కలసిన్ యాసలో వెళ్ళగొట్టే మాటలు చదివింది.

"పో, వచ్చిన దారినే పో. ఈ చోట నీకు తిండి లేదు, నీడ లేదు. ఇక్కడ నిలబడ్డదానివి ఇక్కడ నిలవకు. వెనక్కి తిరిగి చూడకుండా పో."

ముందు సాయ్‌రుంగ్‌కి అర్థమైంది. పెదవి కొరుక్కుని తల దించుకుంది. తర్వాత వరసంతటికీ అర్థమై, భుజాలు కదిలాయి. దండం పెడుతున్నట్టు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. నిరమోన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం చాప మీద జరిగినంత విందు ఏ పండక్కీ జరగలేదు. ఎండుచేపలు, ఊరబెట్టిన చేపల కారం, లంపై పంపిన బొప్పాయి దంపుడు. సాయ్‌రుంగ్ ముద్ద కలిపి చన్‌పెంగ్ నోట్లో పెట్టింది. సాయంత్రం ఫోనులో విని బువాలై పొలమారేదాకా నవ్వింది.

"మంచిపని చేశావే ముండా," అంది. "ఇక అది నిలవదు."

అది నిలిచింది. మర్నాడూ నిలిచింది, ఆ మర్నాడూ నిలిచింది. పడిపోయింది బువాలై.

మొదట అన్నం మానేసింది. తర్వాత మంచం దిగడం మానేసింది. బండి హారను వినబడినా ఉలిక్కిపడి లేచి కూర్చునేది, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేది. సోంబట్ ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం తీసి, ఎక్స్‌రేలు తీసి, ఏమీ లేదని మాత్రలిచ్చి పంపారు. చన్‌పెంగ్ కాల్చిన కోడి, వేడివేడి జిగురన్నం పట్టుకెళ్ళింది. బువాలై ఆమెవైపు చూసింది గానీ, ఎవరో తెలియనట్టు చూసింది. కళ్ళు మూతపడ్డా ఆమె కుడిచెయ్యి దుప్పటి మీద కిందికి దిగి, పైకి లేచి, మళ్ళీ దిగుతోంది.

"రోజంతా అంతే," అన్నాడు సోంబట్. "నాలుగుసార్లు దింపుతుంది, ఆగుతుంది. మళ్ళీ నాలుగు. పట్టుకుని ఆపితే ఏడుస్తుంది. ఏంచేయమంటావు చెప్పు?"

చన్‌పెంగ్ అక్కడి నుంచి తిన్నగా గేటు బయట లంపై బండి దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ రోలు ముందు కూర్చుని పచ్చి బొప్పాయి దంచుతోంది. చన్‌పెంగ్ చెప్పిందంతా రోకలి ఆపకుండానే విన్నది. దారం కట్టిన సంగతి దగ్గర మాత్రం ఆపింది.

"పొమ్మనే మాటలు చదివావా?"

"చదివాను అమ్మమ్మా. దాన్ని వెళ్ళగొట్టడానికి."

"దేన్ని?"

"ఆ ఒంటిచెయ్యిని."

"ఆ ఇనుముకి ఖ్వాన్ ఉంటుందటే?"

చన్‌పెంగ్ అడ్డంగా తలూపింది.

"లేదుగా. లేనిది ఎలా పోతుంది? మరి ఆ చోట నిలబడ్డదానివి పో అంటే ఎవరు విన్నారే?" ముసలమ్మ రోకలి పక్కన పెట్టింది. "పని మధ్యలో లాక్కెళ్ళారన్నావు. అదిరిపడిన మనిషి ఖ్వాన్ అక్కడే జారి పడుతుంది. పద్దెనిమిదేళ్ళు నిలబడిన చోటు, అది ఇంకెక్కడికి పోతుంది? చెప్పులు పంపారు, బుట్ట పంపారు. దాన్ని ఎవరు పంపారు? ఆ చోటనే కూర్చుని ఉంది పాపం, ఎప్పుడు పిలుస్తారా అని. నువ్వెళ్ళి, తెలిసిన గొంతుతో, పో అన్నావు."

చన్‌పెంగ్ బండి పక్కన బల్ల మీద కూలబడింది. తన నోటితోనే. అందరూ నవ్వుతుంటే, తనూ లోపల నవ్వుకుంటూ, స్నేహితురాలి ఖ్వాన్‌ని తరిమేసింది. ఒంటిచెయ్యి మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా తన మీదికి తిరిగింది.

"ఎక్కడికి పోయి ఉంటుంది?"

"దారి తెలిస్తే ఇంటికే పోయేది. ఆ ఇనుము కిందే ఎక్కడో నక్కి ఉంటుంది. చేపలు దేవే బుట్ట తీసుకుని వెళ్ళు. బువాలై తొడిగిన రవిక, గుడ్డు, అన్నంముద్ద, అరటిపండు వేసి, ఆ చోటంతా దేవు. ఏదో ఒకటి బుట్టలో పడుతుంది. పురుగో, ఆకో, ఏదైనా. పడితే వచ్చిందని గుర్తు. అది మూటగట్టి ఇంటికి తెచ్చి దారం కట్టు."

"ఏమని పిలవాలి?"

"ఇంటికి రమ్మను. ఊరికే రమ్మంటే రాదు. ఇక్కడ నీ చోటు లేదిక, వేరేవాళ్ళు నిలబడ్డారు, వచ్చెయ్ అని చెప్పాలి. లేకపోతే కదలదు."

"ఆ మాట నేనెలా అంటాను అమ్మమ్మా? ఆ చోటు కోసమేగా ఇన్నాళ్ళూ కొట్లాడాం. నా నోటితో నేనే దానికి ఇచ్చేసినట్టు కాదా?"

"ఇచ్చేసినట్టే," అంది ముసలమ్మ, మళ్ళీ రోకలి అందుకుంటూ. "చోటు కావాలో మనిషి కావాలో నువ్వు చూసుకో. నాకు బేరాలున్నాయి."

మర్నాడు చాప దగ్గర బుట్ట, అందులో బువాలై రవిక చూసి ఆడవాళ్ళు సంగతి అడిగారు. చన్‌పెంగ్ చెప్పింది. పెద్దవాళ్ళు తలలూపారు. సాయ్‌రుంగ్ మాత్రం లేచి నిలబడింది.

"వానలు వెళ్ళడానికి ఇంకెంతో లేదక్కా. పైవాళ్ళు విసిగిపోయి ఉన్నారు. ఇంకొంచెం ఓర్చుకుంటే అది పోతుంది, ఆవిడ వస్తుంది. నువ్వు వెళ్ళి చోటు ఖాళీ చేయిస్తావా? మా తుంటెముకలు కమిలిపోయింది ఇందుకా?"

"ఇంకొంచెం ఓర్చుకోవడానికి బువాలై అన్నం తింటే కదే."

"బతిమాలి తినిపించు. ఆ మాట మాత్రం అనకు. అన్నావంటే ఇక నేను ఆ ఒంటిచెయ్యిని తాకను. తాకి ఏం లాభం? చోటు దానిదే అయ్యాక."

"తాకకు," అంది చన్‌పెంగ్. ఆమెకీ అలాగే అనిపిస్తోంది. బుట్ట చంకన పెట్టుకుని లోపలికి నడిచింది.

భోజనాల వేళ లైనులో మనుషులుండరు. ఒంటిచెయ్యికి ఆకలి లేదు కాబట్టి, ముందే పేర్చి పెట్టిన పెట్టెలకి అది స్క్రూలు కొట్టుకుంటూ పోతోంది. మణికట్టు మీద దారం మాసి నల్లబడింది. చన్‌పెంగ్ దాని కింద మోకాళ్ళ మీద కూర్చుంది. దాన్ని అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. బుట్ట నేల మీద ఆనించి దేవడం మొదలుపెట్టింది.

"రా బువాలై, ఇంటికి రా. అన్నం ఉడికింది, చాప పరిచాం, రా."

ఏమీ పడలేదు. ఆ నేలని రోజుకి ఎన్నిసార్లు తుడుస్తారో, అక్కడ పురుగేమిటి, ఆకేమిటి. మళ్ళీ దేవింది. మళ్ళీ పిలిచింది. అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయిందని తెలుసు. దాన్ని దాటేసి తక్కినవన్నీ చదివింది. బుట్ట ఖాళీగానే ఉంది. పైన స్క్రూలు దిగుతున్న చప్పుడు, నాలుగు, ఆగడం, మళ్ళీ నాలుగు. దుప్పటి మీద దిగుతున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయింది.

"ఇక్కడ నీ చోటు లేదే బువాలై," అంది. "లేదిక. వేరేవాళ్ళు నిలబడ్డారు. నిన్నెవరూ పిలవరు. నేను పో అన్నది నిన్ను కాదే తల్లీ. తప్పయిపోయింది. ఇక్కడ కూర్చోకు. వచ్చెయ్, ఇంటికి పోదాం."

అంటూ బుట్టని గట్టిగా పైకి దేవింది. బుట్ట అంచు ఒంటిచెయ్యికి తగిలింది. అది బిగుసుకుపోయింది, దీపం ఎర్రబడింది. గన్ను చివర పట్టుకుని ఉన్న స్క్రూ జారి బుట్టలో పడింది.

చన్‌పెంగ్ ఆ స్క్రూని రవికలో చుట్టి గుండెలకి అదుముకుంది. బువాలై ఖ్వాన్ వచ్చింది. దాన్ని చేతికి ఇచ్చింది ఆ ఒంటిచెయ్యే అని తలుచుకుంటే ఒళ్ళు మండింది.

ఎర్రదీపం చూసి నిరమోన్ పరుగెత్తుకొచ్చింది. వెనకాలే ఫొటోల కుర్రాడు. బుట్ట, గుడ్డు, అరటిపండు, యంత్రం ముందు మోకాళ్ళ మీద పెద్దావిడ. వాడికి ఇంకేం కావాలి, రెండు ఫొటోలు తీసుకున్నాడు.

"ఇది ఏం పూజ పిన్నీ? తమ్ముడికేనా?" అంది నిరమోన్.

"కాదమ్మా. మీరు పంపేసిన మనిషికి."

నిరమోన్ మొహం మారింది. చేతులు జోడించి పక్కకి తప్పుకుంది. కుర్రాడు అప్పటికే వెళ్ళిపోయాడు. ఆ దండం నిజమైనదే. దానివల్ల ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

ఆ రోజు తర్వాత ఒంటిచెయ్యికి తుంటి తగిలించినవాళ్ళు లేరు. సాయ్‌రుంగ్ దాని ముందు నుంచి చుట్టుతిరిగి నడిచేది. వానలు వెళ్ళేసరికి అది పరీక్ష గట్టెక్కింది. పనివాళ్ళు యంత్రాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని పైకి రాసి పంపారట. ఒప్పుకోవడం అంటే వాళ్ళ భాషలో అదే కాబోలు.

ఆ పిలిచిన రోజు సాయంత్రం చన్‌పెంగ్ బుట్ట, మూట పట్టుకుని వెళ్ళేసరికి బువాలై మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి ఆడడం లేదు, ఒళ్ళో కదలకుండా ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి మంచినీళ్ళు అడిగిందని సోంబట్ గుమ్మంలోనే చెప్పాడు. చన్‌పెంగ్‌కి ఏడుపొచ్చినంత పనయింది. లోపలికి వెళ్ళి బుట్ట ముందు పెట్టింది. బువాలై ఆమె వైపు తిన్నగా చూసింది. ఈసారి ఎవరో తెలిసే చూసింది.

"ఫోనులో నీ బొమ్మ వచ్చింది. కంపెనీవాళ్ళు పెట్టారు. మా ఆయన చూపించాడు," అంది. "దాని ముందు బాగా సాగిలపడ్డావు."

"దాని ముందు కాదే. నీకోసం."

"తెలుసు. బుట్ట చూస్తే తెలియదా? ఏమని పిలిచావు?"

"ఇంటికి రమ్మని."

"ఇంకా?"

చన్‌పెంగ్ దారం విప్పుతూ తల దించుకుంది.

"చెప్పవే. ఇంకా ఏమన్నావు?"

"అక్కడ నీ చోటు లేదిక అన్నాను. అనకపోతే రాలేదు."

బువాలై దుప్పటి పక్కకి నెట్టింది. గొంతు పెంచలేదు.

"ఎవరు పిలవమన్నారే నా ఖ్వాన్‌ని? అది అక్కడ ఉందని నాకు తెలియదనుకున్నావా? ఆఫీసులో సంతకం పెట్టినప్పుడే తెలుసు, నేనొక్కదాన్నే వచ్చానని. ఉండనీ అనుకున్నాను. నువ్వు పో అన్నా పోలేదు చూడు, మొండిది. చస్తే చచ్చేదాన్ని. ఆ చోటు నాదిగా ఉండేది. ఇప్పుడు బతికి ఏంచేయమంటావు, రొయ్యలు ఒలవనా?"

"ఒలువు," అంది చన్‌పెంగ్. "బతికి రొయ్యలు ఒలువు. నన్ను తిట్టు. చెయ్యి ఇటివ్వు."

బువాలై చెయ్యి ఇచ్చింది. మొహం మాత్రం గోడవైపు తిప్పుకుంది. చన్‌పెంగ్ బయటికి ఒకసారి తుడిచి, లోపలికి ఎన్నిసార్లు తుడిచిందో ఆమెకే తెలియదు, ముడి వేసింది. రవిక విప్పి స్క్రూ చేతిలో పెడితే, బువాలై దాన్ని వేళ్ళతో తిప్పి చూసి, మంచం కిందికి విసిరేసింది. గుడ్డు తీసుకుంది. పెంకు వలిచి, ఉప్పయినా అద్దుకోకుండా, మొత్తం తినేసింది. చన్‌పెంగ్‌కి ముక్క విరిచి ఇవ్వలేదు. ఇన్నేళ్ళలో ఆమె పక్కన కూర్చుని బువాలై ఒంటరిగా తినడం అదే మొదటిసారి.

"తింటున్నాను చూశావుగా," అంది నోరు తుడుచుకుని. "ఇక వెళ్ళు. మళ్ళీ రాకు."

"రాను," అంది చన్‌పెంగ్.

బుట్ట తీసుకుని గుమ్మం దాటింది. లోపల బువాలై సోంబట్‌ని అన్నం ఉందా అని అడుగుతోంది. పళ్ళెం చప్పుడైంది. చన్‌పెంగ్ ఏడుస్తూ గోడ పక్కనే ఉండిపోయింది. లోపలి నుంచి ఇంకొంచెం పెట్టమని అడగడం వినిపించాక, అప్పుడు వెళ్ళిపోయింది.